పేర్లు అడగనన్న మా సార్

ఆదివారం పొద్దున ఫ్యాక్టరీ గ్రూపులో మా ప్రొడక్షన్ సార్ ఫోటో వచ్చింది. కింద దండం పెట్టే బొమ్మలు వరుసగా చేరుతుంటే విషయం అర్థమైంది. కొత్తకోటలో, సొంత ఇంట్లో, గుండెపోటు. నేను బొమ్మ పెట్టలేదు. ఆయనతో మాట్లాడి ఏడాది దాటింది.

చౌటుప్పల్ దగ్గరి మందుల ఫ్యాక్టరీలో డేటా చూసే ఉద్యోగం నాది. మిషన్లు ఎంతసేపు నడిచాయో, ఎందుకు ఆగాయో చూపే డాష్‌బోర్డు కొని గోడ మీద పెద్ద తెరకు ఎక్కించాం. మిషన్ ఆగినప్పుడల్లా ప్యాకింగ్ ఆడవాళ్లు పక్కనున్న చిన్న తెర దగ్గర తమ కార్డు గీకి, కారణం నొక్కాలి. అందరూ ‘ఇతరములు’ నొక్కేవారు. పైవాళ్లు ఇంకా ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొందామన్నారు. సార్ నవ్వారు.

“టీవీ మంచిదేనమ్మా. మనం అడుగుడే సక్కగ లేదు. టిఫిన్ పట్టుకొని రా, పోదాం.”

ఆ రోజు నుంచి క్యాంటీన్‌లో ఆ ఆడవాళ్ల బల్ల దగ్గరే తిన్నాం. ప్యాకింగ్ హాల్లోంచి బయటికొచ్చినా తల మీది వల టోపీ తీయడం సార్ మరిచిపోయేవారు. వాళ్లందరిలో వయసులో పెద్దామెను పెద్దక్క అనేవాళ్లం. ఆమె ఊరుకునేది కాదు.

“సారూ, గా టోపితోనే ఇంటికి పోతవా ఏంది? అమ్మ జడుసుకుంటది!”

మూడో రోజు ఆమే అసలు సంగతి చెప్పింది. ఆడవాళ్ల బాత్రూం ఎక్కడో గేటు పక్కన. పోయొచ్చి, మళ్లీ గౌనూ టోపీ వేసుకునేదాకా లైను ఆగాల్సిందే.

“గా ముచ్చట ఎట్ల నొక్కుతం సారూ, సిగ్గు గాదా? మా పేరు పడదా?”

“పేర్లు అడుగం. నాది జిమ్మ,” అని సార్ పూచీ పడ్డారు.

కారణాల పట్టీని వాళ్ల మాటల్లోనే తిరగరాశాను. ‘లేబుల్ అంటుతలేదు’, ‘డబ్బాలు రాలే’, ‘బాత్రూంకు పోయినం’. నెల తిరగకముందే తెర నిజం చెప్పసాగింది. జిగురు మార్చారు. డబ్బాలు వేళకు వచ్చాయి. హాలు పక్కనే బాత్రూం కట్టాలని ఇద్దరం పైవాళ్లకు కాగితం పెట్టాం. నా చదువు ఒకరికి పనికొచ్చిందని మొదటిసారి అనిపించింది. అది ఆయన చలవే, ఇప్పటికీ కాదనను.

తర్వాతి మీటింగులో తెర మీద బాత్రూం గడి పక్కన పేర్లున్నాయి. మొదటిది పెద్దక్కది. మిషన్ దగ్గర వాళ్లు గీకే కార్డుల నుంచి ఆ పేర్లు తీయించింది సారే. నాకు మాటమాత్రమైనా చెప్పలేదు. ఆ నెలాఖరుకు పెద్దక్కను పనిలోంచి తీసేశారు. బాత్రూం కట్టలేదు.

“పైనోళ్లు పట్టుబట్టిండ్రమ్మా. పేర్లు ఇయ్యకపోతే ఈ అడుగుడే మొత్తానికి బంద్ పెడ్తమన్నరు.”

“మరి మీ జిమ్మ, సార్?”

ఆయనతో నా చివరి మాట అదే. కానీ ఆ కార్డుల వివరాలు సిస్టంలో అలాగే ఉంచింది నేనే. తుడిచేయాలని ఎందుకు తోచలేదు? ఆయన మీది కోపంలో సగం దేని మీదిదో చెప్పలేను. ఆయనను చెడ్డవాడని రాయలేను, ఊరికే మంచివాడని రాయడానికీ చేయి రావడం లేదు.

కొత్తకోట వెళ్లేసరికి పెద్దక్క అప్పటికే అక్కడుంది, సార్ భార్య పక్కన చాప మీద. నన్ను చూసి మెల్లగా అంది.

“అన్నం కాడ కూసొని అడిగితిరి గద మేడం. గందుకే చెప్పిన. ఎందుకు జేసినవ్ సారూ అని ఒక్కసారి అడగాలె అనుకున్న. గిప్పుడు ఎవర్ని అడగాలె?”

చాప మీద ఆమె పక్కన కాస్త ఖాళీ ఉంది. నేను కూర్చోబోతే ఆమె కొంగు దగ్గరికి లాక్కుంది. నాకు చోటివ్వడానికో, నేను తగలకుండా ఉండటానికో తెలియక, అలాగే నిలబడి ఉన్నాను.