బాబాయికి మెగ్నీషియం పట్టించిన రోజు

ఒక్క గ్లాసు మజ్జిగతో ఊరు ఊరంతటినీ ట్రాక్టరెక్కించి ఏడిపించిన ఘనత మా వైపు నా ఒక్కదానిదే. ఇప్పుడు నలుగురూ నన్ను బుద్ధిమంతురాలని అంటూ ఉంటారు. నమ్మకండి. ముందు ఇది చదివి తర్వాత మీ ఇష్టం.

తొంభైల చివరి మాట. గుంటూరు హాస్టల్లో ఉండి బీఎస్సీ రెండో ఏడు చదువుతున్నాను. సెలవులకు ఇంటికొస్తే "పిన్నీ, ఉప్పు" అనకుండా "పిన్నీ, సోడియం క్లోరైడ్ ఇటివ్వు" అనే రకాన్ని. అప్పటి నన్ను ఇప్పుడు నేను చూస్తే రెండు పీకి పంపిస్తాను.

సత్తెనపల్లి దగ్గర మా ఊరు. నాన్న తమ్ముడు, మా బాబాయిది గోడకవతల ఇల్లు. ఆయన గొంతు సంగతి చెప్పాలి. కూరలో ఉప్పు తగ్గిందని ఆయన కేకేస్తే మా కొట్టంలో పడుకున్న గేదె లేచి నిలబడేది. నాకు సైకిలు నేర్పిందీ ఆ గొంతే. "తొక్కవే, పడితే నేనున్నా!" అని వీధి చివరిదాకా వెనకే పరిగెత్తేవాడు.

అలాంటి మనిషి ఆ ఏడు నోరు మూసుకున్నాడు. పత్తి సగం పురుగు తిన్నది, మిగిలినదాంట్లో సగం వాన తిన్నది. ఇక ఉన్న కాస్త చేనూ ఆకులు ఎర్రబడి నిలబడింది. నేను సెలవులకొచ్చేసరికి బాబాయి అరుగు మీద కూర్చుని ఎదురుగోడ చూస్తూ ఉండేవాడు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. పిన్ని ఒకరోజు వాళ్లింట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ తెచ్చి మా గడ్డివాము వెనక దాచింది. ఎందుకని మా అమ్మ అడగలేదు. ఆ రోజుల్లో మా వైపు అది అడగాల్సిన ప్రశ్న కాదు. నాకైతే భయంతో అన్నం సయించేది కాదు.

సరిగ్గా అప్పుడే నాకు జ్ఞానోదయమైంది. మిరపకాయ బజ్జీలు కట్టిన పాత పేపరు ముక్కలో ఆరోగ్యం శీర్షిక కనబడింది. ఒంట్లో మెగ్నీషియం తగ్గితే నిద్ర పట్టదట, చిరాకట, దిగులట. కింది సగం బజ్జీల నూనెలో కలిసిపోయింది. కలిసిపోతే పోయింది, నాకు కావలసింది పైసగంలో దొరికిందిగా!

ఆ సాయంత్రమే నాన్న పురుగుమందుల కొట్టు నుంచి తెల్లపొడి ప్యాకెట్టు ఒకటి తెచ్చాడు.

"ఏంటి నాన్నా అది?"

"మెగ్నీషియం సల్ఫేట్ అంట. ఆకు ఎర్రబడేది ఇది తక్కువయ్యేనంట. కొడితే చేను తేరుకుద్దంట."

నా బుర్రలో బల్బు వెలిగింది. చేనుకీ బాబాయికీ ఒకటే జబ్బు! ఇంత చిన్న సంగతి ఈ దేశంలో ఇంకెవరికీ తట్టలేదేమిటా అని కాసేపు జాలిపడ్డాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం పిన్ని వంటింట్లో చేరి పలచటి మజ్జిగలో అల్లం, కరివేపాకు, పచ్చిమిరపకాయలు దంచి వేశాను. అందులో పొడి కలిపాను. మొక్క ఎంత, మనిషి ఎంత అని లెక్కవేసి, మా బాబాయి దిగులు మరీ పెద్దది కదా అని దయతో ఇంకాస్త కలిపాను.

బాబాయి గ్లాసెత్తి గటగటా తాగేశాడు.

"ఎట్టుంది బాబాయ్?"

"బానే ఉంది."

గ్లాసు అడుగున మిగిలిన చుక్క నాలిక మీద వేసుకున్నాను. చేదుకి నాలిక మడతపడింది. ఉప్పు తగ్గితే ఊరికి చాటింపు వేసే మనిషి దీన్ని బానే ఉందంటున్నాడు. ఆయన ఎంత దూరం వెళ్లిపోయాడో అప్పుడే తెలియాల్సింది నాకు. తెలియలేదు. మందు పనిచేస్తుందని గుమ్మంలో కాపు కాశాను.

పనిచేసింది. బాబాయి అరుగు మీంచి చివాలున లేచాడు.

"పిన్నీ, చూశావా! హుషారొచ్చింది!" అని అరిచాను.

ఆయన చెంబు పట్టుకుని పెరటి వైపు నడిచాడు. వచ్చాడు. కూర్చోబోయి, కూర్చోకుండానే మళ్లీ వెళ్లాడు. ఆ తర్వాత నడక మానేసి పరుగే. చివరికి కంచె పక్కన కడుపు పట్టుకుని చెమటలు కక్కుతూ కూలబడ్డాడు. మంచినీళ్ల కోసం వంటింట్లోకి పరిగెత్తిన పిన్నికి రోలు పక్కన పురుగుమందుల కొట్టు ప్యాకెట్టు కనబడింది.

ఆ కేక నేనింకా మర్చిపోలేదు.

"అయ్యో, తాగేశాడే! నా కొంప ముంచాడే!"

ఊరు వచ్చి పడింది. నాన్న చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఎవరో సబ్బునీళ్లు తెచ్చారు.

"నేనేం తాగలేదురా!" అన్నాడు బాబాయి.

"అందరూ అట్టాగే అంటారు. ముందు మింగు!"

"పిన్నీ, అదీ... నేను..." అంటున్నాను నేను. నా గొంతు నాకే వినబడలేదు. అప్పటికే బాబాయి ట్రాక్టరు తొట్టిలో ఉన్నాడు, చుట్టూ పట్టినంతమంది జనం. నేనూ ఎక్కాను.

"ఆపండ్రా!" అన్నాడు బాబాయి చెరువుకట్ట దాటగానే.

"ఆపొద్దు, పోనీయ్!" అన్నాడు నాన్న.

"ఆపకపోతే మీ ఖర్మ!"

ఆపారు. పారిపోతాడేమోనని నలుగురు ఆయన వెంట మిరపచేలోకి పరిగెత్తారు. తిరిగొచ్చాక నాన్న ఆయన చెయ్యి వదలలేదు. "నువ్వు పోతే నేనెవడితో పోట్లాడాల్రా?" అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. అన్నగారు ఏడవడం బాబాయి ఎప్పుడూ చూడలేదు. అలా నోరు తెరుచుకుని చూస్తూండిపోయాడు.

సత్తెనపల్లి నర్సింగ్ హోమ్‌లో డాక్టరమ్మ ముందు ప్యాకెట్టు పెట్టి అంతా కక్కేశాను. ఆవిడ పొడి చూసి, నన్ను చూసింది.

"ఇది భేది ఉప్పు. పైగా చేనుకి కొట్టే సరుకు. ఏం చదువుతున్నావ్?"

"బీఎస్సీ అండి, కెమిస్ట్రీ."

"ఏ కాలేజీ?"

కాలేజీ పరువు కోసం నోరు మెదపలేదు. ఇక్కడా చెప్పను.

"దిగులుకి మెగ్నీషియం మంచిదని పేపర్లో..."

"అది తక్కువైనవాళ్లకి కొంత సాయం చెయ్యొచ్చు. తక్కువైందో లేదో పరీక్ష చేసి మేం చెప్పాలి. అదొక్కటీ మింగితే దిగులు పోతుందని ఎవరన్నారు? కింద రాసి ఉండాలే?"

"కింద బజ్జీల నూనె అండి."

ఆవిడ బాబాయికి సెలైన్ పెట్టించి, మంచం పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. "రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అని మెల్లగా అడిగింది.

బాబాయి పిన్ని వైపు తిరిగాడు.

"డబ్బాలు వదినోళ్లింటి కాడ పెట్టావు గదా. నాకు తెలుసు."

"తెలిసీ ఏనాడూ అడగలేదేమయ్యా?"

"అడిగితే ఇస్తావేమోనని భయమేసింది."

పిన్ని ఆయన అరచేతిలో మొహం పెట్టుకుంది. నేను గుమ్మం బయటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చాను.

డాక్టరమ్మ చీటీ రాసిస్తే నాన్న ఆయన్ని గుంటూరులో మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. మాత్రలు వాడారు, మళ్లీ మళ్లీ వెళ్లారు, అన్నదమ్ములు బస్సులో పక్కపక్కన కూర్చుని మాట్లాడుకున్నారు. ఒక్కరోజులో ఏదీ బాగుపడలేదు. వేసవిలో ఒక మధ్యాహ్నం మాత్రం గోడకవతల నుంచి కేక వినబడింది.

"ఇది పప్పా, కాలవ నీళ్లా? ఉప్పేదే?"

మా గేదె లేచి నిలబడింది. పిన్ని ఏడుస్తూ నవ్వుతూ ఉప్పు డబ్బా ఎత్తుకుంది. నేను దాన్ని సోడియం క్లోరైడ్ అనలేదు.

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా మొహం ముడుచుకుంటే బాబాయి ఒక్కటే అంటాడు: "అమ్మాయ్, వీడికో గ్లాసు మజ్జిగ కలుపు!" అంతే, పళ్లన్నీ బయటపెట్టి నవ్వేస్తారు. ఇంత త్వరగా గుణమిచ్చే మందు ఏ కంపెనీ చెయ్యలేదు.

అందుచేత, చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరైనా దిగులుగా ఉంటే పక్కన కూర్చుంటాను. డాక్టరు దగ్గరికి తోడు వెళ్తాను. మజ్జిగ మాత్రం ఎవరిది వాళ్లనే కలుపుకోమంటాను.