మలీద ముద్ద

సుబేదారిలో మా పై వాటాలో అద్దెకుండి, తర్వాత ములుగు వైపు వెళ్లిపోయిన ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఆమె ఏడాది నిండని చిన్నపాపకు షుగర్. రోజుకు ఎన్నోసార్లు ఆ చిట్టి మడమకు సూది గుచ్చి రక్తం చూడాలి. గుచ్చే ముందు ప్రతిసారీ దానిమీద 'ఉఫ్' అని ఊదేది.

"ఊదితే నొప్పి తగ్గుతదా చెల్లె?" అని ఒకసారి అడిగాను.

"దానికి గాదక్కా, నా చెయ్యి వణకకుండ" అని నవ్వింది.

ఆ ఏడాది సద్దుల బతుకమ్మను ఇద్దరం కలిసే పేర్చాం. తంగేడు పూలు తను తెచ్చింది, గునుగుకు రంగులు నేనద్దాను. బతుకమ్మను చెరువులో వదిలాక, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు అందరికీ పంచుతూ వచ్చాను. ఆమె చంకలో పాప, పక్కన నాలుగేళ్ల పెద్దపిల్ల. షుగర్ ఉన్న ఇంటికి తీపి చూపించి బాధపెట్టడమెందుకని వాళ్లను దాటి పక్కామెకు పెట్టాను. ఎంత ఆలోచన గలదాన్నో అని లోపల మురిసిపోయాను కూడా.

పెద్దపిల్ల చాచిన చెయ్యి అలాగే ఉంది.

"షుగర్ చిన్నదానికే గదక్కా" అంది ఆమె, మెల్లగా.

గబగబా వెనక్కి తిరిగాను. అప్పటికి నా పళ్లెంలో పొడి తప్ప ఏమీ మిగల్లేదు.

ఆమె ఆ ఖాళీ అరచేతిని దగ్గరకు తీసుకుని 'ఉఫ్' అని ఊదింది.