ఓనరమ్మ ఆఖరి హంతకుడు

మొన్న కెనడాలోని హామిల్టన్ లైబ్రరీలో మా పాత ఓనరమ్మ ఆఖరి నవల కొత్త అట్టతో కనిపించింది. చేతిలోకి తీసుకుని, మళ్లీ అక్కడే పెట్టేశాను. ఆవిడ అమెరికా మనిషి. ఆ ఊరి స్టీల్ ప్లాంట్‌లో పనిచేసే ఆయన్ని పెళ్లాడి అక్కడే ఉండిపోయిన డిటెక్టివ్ రచయిత్రి. మేము పైవాటాలో దిగేసరికే ఆవిడ పేరు మసకబారింది. తొలి నవలల్ని నెత్తిన పెట్టుకున్న విమర్శకులే, తర్వాత హంతకుడెవరో సగంలోనే తెలిసిపోతోందని పెదవి విరిచారు. అప్పుడు రాస్తున్న ఈ ఆఖరి నవలతోనైనా వాళ్లను బోల్తా కొట్టించాలని ఆవిడ పంతం. నాకేమో పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాల బ్యాగు మీద తేదీని కూడా రెండుసార్లు చూస్తాను. అది పసిగట్టే కాబోలు, చివరి అధ్యాయం తన దగ్గరే ఉంచుకుని హంతకుడెవరో చెప్పమని మిగతా కాగితాలు నా చేతికిచ్చారు.

కథలో ముసలి మేనత్తను ఎవరో చంపుతారు. అంతకుముందు మేనల్లుడు మూడుసార్లు ఆమె ఇంటికొస్తాడు. మూడుసార్లూ టీ చల్లారిపోతుంది. మా కాకినాడ వైపు ఇంటికొచ్చిన చుట్టం గుక్కెడు మంచినీళ్లయినా ముట్టలేదంటే కడుపులో ఏదో పెట్టుకున్నట్టే లెక్క. కిందికి దిగి, హంతకుడు మేనల్లుడేనని కారణంతో సహా చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. "అలాగా" అని మాత్రం అని, కాగితాలు వెనక్కి తీసుకున్నారు.

నవల వచ్చింది. హంతకుడు మేనల్లుడే. ముట్టని టీ కప్పుల్ని ఎవరూ గమనించలేకపోయారంటూ విమర్శకులు ఆవిడను ఆకాశానికెత్తేశారు. నాకు ఒళ్లు మండింది. నా మాట విన్నాకే ముగింపు అలా మార్చి, పేరు తను కొట్టేసిందనుకున్నాను.

"ఆవిడనే అడిగేయొచ్చుగా, ఊరికే డౌట్ పడటం దేనికి?" అన్నారు మావారు.

"అడిగితే ఒప్పుకుంటుందా ఏంటి?" అన్నాను.

ఆ తర్వాత ఆవిడ పిలిస్తే హాస్పిటల్లో డ్యూటీ ఉందనేదాన్ని. ఒకసారి తప్పక వెళ్లి, టీ ముట్టకుండా లేచి వచ్చాను. ఆవిడ కప్పు వైపు, నా వైపు చూశారు. ఆ ఏడే మేము పక్క ఊరు ఓక్‌విల్‌కి మారిపోయాం.

ఆవిడ పోయాక వాళ్ల కూతురు నాకు ఆవిడ నోటుబుక్కు ఒకటి పంపింది. మొదటి పేజీలో, మేమింకా కెనడాకే రాని నాటి తేదీతో, "హంతకుడు మేనల్లుడు. ఆ ఇంట్లో ఏదీ తాగడు" అని ఉంది. చాలా పేజీల తర్వాత, "పైవాటా అమ్మాయి పట్టేసింది. ఇక అందరూ పట్టేస్తారు" అని. చివరి పేజీల్లో, "ఆ అమ్మాయి నా ఇంట్లో టీ ముట్టలేదు. నేనేం తప్పు చేశానో తెలియడం లేదు" అని. వంటింట్లో నిలబడి ఏడ్చాను.

అడిగి ఉంటే నిమిషంలో తేలిపోయేది. ఆ నిమిషం, ఆవిడ బతికున్నన్నాళ్లూ నా చేతిలోనే ఉంది.