చింతపండు నానబెట్టి వెళ్ళిన రోజు

మొన్న పక్కింటి గరాజ్ ఖాళీ చేస్తూ వాళ్ళ అబ్బాయి మా తలుపు తట్టాడు. వాళ్ళ నాన్న, అంటే మా పక్కింటి పెద్దాయన, కిందటి చలికాలంలో పోయాడు. "ఇది మీకివ్వమని నాన్న ఎప్పుడో చెప్పి ఉంచారు" అంటూ ఒక ప్లాస్టిక్ చేపపిల్లను నా చేతిలో పెట్టాడు. వేలెడంత పొడవు, పొట్ట కింద రెండు కొక్కేలు, మూతి దగ్గర చిన్న నాలుకలాంటి రేకు. వెండిరంగు సగం పోయింది. ల్యూర్ అంటారు దీన్ని. ఎర అందామంటే ఇందులో తినడానికేమీ ఉండదు, నీళ్ళలో లాగుతుంటే బతికున్న చేపలా వయ్యారంగా ఊగి పెద్ద చేపను మోసం చేస్తుంది. దాన్ని పట్టుకుని గుమ్మంలోనే చాలాసేపు నిలబడిపోయాను. మా ఆవిడ వచ్చి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మేము ఇంగ్లండులో, స్టీవెనేజ్‌లో ఇల్లు తీసుకున్న రెండో ఏడు అది. మా ఆవిడకి నాలుగో నెల. అంతకు ముందు ఏడు ఒకటి నిలవలేదు. ఆ మాట మేమిద్దరం పైకి అనుకునేవాళ్ళం కాదు. ఈసారి మంచినీళ్ళు తాగినా వాంతే. రెండుసార్లు హాస్పిటల్లో పెట్టి సెలైన్ ఎక్కించారు. జీపీ, అంటే మా పేట డాక్టరు, చూస్తే తన క్లినిక్‌లో కూర్చోబెట్టి, కొందరికి ఇలాగే ఉంటుందని, తగ్గుతుందని ఓదార్చేవాడు. బరువు పెరగాల్సిన మనిషి గాజులు మోచేతి దాకా జారిపోయేంతగా చిక్కిపోతుంటే ఆ ఓదార్పు నాకెందుకు? అన్నం సయించడం లేదని మాత్రం చెబితే బేసింగ్‌స్టోక్‌లో ఉన్న స్నేహితుడి భార్య నిమ్మకాయ ఊరగాయ పంపింది. క్రోయిడన్ దాకా వెళ్ళి ఐసులో పెట్టిన బొచ్చె తెచ్చి వండాను. మూత తీయగానే మా ఆవిడ ముక్కు మూసుకుని, "ఇది చేప వాసన కాదండీ, ఫ్రిజ్ వాసన" అంది. ఫోన్ కార్డు గీకి రాజమండ్రికి చేస్తే మా అత్తగారు, "ఏటి చేప తెచ్చి పులుసు పెట్టి చూడు నాయనా. టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా దానికి అదొక్కటే సయించింది" అన్నారు. అక్కడ చెప్పడం తేలికే, సంచీ పట్టుకుని గట్టుకి వెళ్తే చాలు. ఇక్కడ ఏటి చేప ఎక్కడిది?

పక్కింటి పెద్దాయన విమానాల ఫ్యాక్టరీలో రిటైరై, వారానికి రెండు రోజులు చేపలకి వెళ్ళేవాడు. కంచె మీదుగా, "నాకూ ఒక చేప పట్టాలని ఉంది, తీసుకెళ్తారా" అని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి వీధిలో ఒక శిష్యుడు దొరికాడనుకున్నాడు కాబోలు, నా చేత పోస్టాఫీసులో చేపలు పట్టే లైసెన్సు కొనిపించి, రిజర్వాయరు వాళ్ళ దగ్గర పడవ మాట్లాడేశాడు. చేప ఎందుకో మాత్రం నేను చెప్పలేదు. అయిదో నెల వచ్చేదాకా బయటివాళ్ళకి తెలియకూడదని అత్తగారి ఆంక్ష. పోయినసారి ముందే అందరికీ చెప్పేసుకున్నాం కనక నాకూ నోరు రాలేదు. పొద్దున్నే చింతపండు నానబెట్టి, ఉల్లిపాయలు తరిగి, మెంతులు వేయించి పెట్టి, కోటు జేబులో ప్లాస్టిక్ సంచీ మడిచి పెట్టుకుని బయల్దేరాను.

మార్చి మొదలు. చలికి చెవులు ఉన్నాయో ఊడాయో తెలియడం లేదు. బ్యాటరీతో నడిచే మోటారు పెట్టుకుని, నడిచేవాడికన్నా నెమ్మదిగా, రెల్లు అంచునే పడవ నడిపాడు పెద్దాయన. వెనక ఈ ప్లాస్టిక్ చేపపిల్ల మూరెడు లోతులో ఊగుతూ వస్తోంది. నడిమధ్య నీళ్ళు ఇంకా ఐసులా ఉంటాయని, అంచున ఎండ తగిలేచోటికి చిన్న చేపలు చేరతాయని, వాటికోసం జాండర్ అనే వేట చేప పైకి వస్తుందని, కాబట్టి లోతుకి మునగని ల్యూరే కట్టాలని చెప్పాడు. నేను గేలం కర్ర కొస మీద చూపు పెట్టి, తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. మాంసం ముట్టని దేవుళ్ళని కూడా వదల్లేదు. మధ్యాహ్నం దాటింది. సాండ్‌విచ్ ఇచ్చాడు. అక్కడ ఆమె ఏమీ తినకుండా పడుకుని ఉంటే నాకిక్కడ గొంతు దిగలేదు.

అప్పుడు కర్ర వంగింది. ఆయనే పక్కన నిలబడి నా చేత దారం చుట్టించాడు. వలలోకి వచ్చింది. మోచెయ్యంత చేప, పచ్చని ఒళ్ళు, గాజు కళ్ళు. నాకు ఏడుపొచ్చింది. ఆయన కొక్కెం తీసి, చేతులు తడుపుకోమని, దాన్ని జాగ్రత్తగా నా చేతుల్లో పెట్టి ఫోటో తీశాడు. పొట్ట ఉబ్బెత్తుగా ఉంది. నేను ఒక చేత్తో జేబులో సంచీ వెతుక్కుంటుండగా, ఆయన చేపని అందుకుని, పడవ అంచు మీద నుంచి నీళ్ళలోకి దించి, ఊపిరి తీసుకునేదాకా పట్టుకుని, వదిలేశాడు.

"గుడ్లతో ఉంది, ఈ నెలలో వీటిని చంపను" అన్నాడు చల్లగా. "వచ్చే ఏడు ఇంకా పెద్దదై దొరుకుతుంది మీకు."

పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలే మనుషులుంటారని నాకు తెలియదు. పట్టేది కూర కోసమని ఆయనకి తట్టలేదు. ఆ గుడ్ల చేప మీద జాలి పడే స్థితిలో నేను లేను, ఒళ్ళు మండిపోయింది. "మా ఇంట్లోనూ ఉంది ఒక కడుపుతో ఉన్న మనిషి" అనేశాను. అత్తగారి ఆంక్షా, నా పరువూ అన్నీ పడవలో కుప్ప పోసి, తినడం లేదని, కిందటిది పోయిందని, పులుసని అంతా చెప్పేశాను. ఆయన వెంటనే ల్యూర్‌ని మళ్ళీ నీళ్ళలో వేశాడు. పడవ వెనక్కి తిప్పి, గాలి లేచి నీళ్ళు పడవలోకి కొడుతున్నా లెక్క చేయకుండా, చీకటి పడబోతుంటే పడవలవాళ్ళు గట్టు మీంచి పిలిచేదాకా ఆ రెల్లు అంచునే తిప్పుతూ ఉన్నాడు. ఇంకొకటి పడలేదు.

ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళాను.

"దొరికిందా?" అంది మా ఆవిడ.

"దొరికింది. వదిలేశాడు."

నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కడిగినా పోని నీసు. "ఉత్త పులుసే కాచండి. ఈ చేత్తోనే కలిపి పెట్టండి" అంది. నానిన చింతపండు వృథా పోలేదు. చేప లేని చేపల పులుసుతో అన్నం కలిపి ముద్దలు పెట్టాను. నాలుగు తింది. మంచం పక్కన బేసిన్ పెట్టుకుని, ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. వాంతి రాలేదు. అప్పుడు ఇంకో ముద్ద అడిగింది. తర్వాత చాలా రోజులు పెద్దాయన ఏ చెరువుకి వెళ్ళినా, వచ్చేటప్పుడు మా వంటింటి గుమ్మంలో కాగితంలో చుట్టిన ట్రౌట్ చేప ఉండేది.

నిన్న, అప్పుడు కడుపులో ఉన్న మా అమ్మాయి యూనివర్సిటీ నుంచి వస్తే ఈ కథంతా చెప్పి ల్యూర్ ఇచ్చాను. వాసన చూసి, "నథింగ్, డాడ్. జస్ట్ ప్లాస్టిక్" అంది. నిజమే. ఇన్నేళ్ళలో వాసన పూర్తిగా పోయింది. ఆ ఒక్క సాయంత్రం నా చేతిని వదలకుండా ఉంది, మాకు అది చాలింది.