దబ్బనం, బొంగరం, అత్త బేసరి

ఆ రోజుల్లో నాకు చేతకాని పని అంటూ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. తొంభైల చివర్లో జవళగిరి నుంచి హోసూరుకు కోడలిగా వచ్చాను, వయసు ఇరవై రెండు. సంగటి గెలికితే ఉండలు కట్టేది, పులుసు పెడితే ఉప్పు మరిచిపోయేదాన్ని, అయినా నమ్మకానికి మాత్రం లోటు లేదు. (ఇప్పుడు సంగటి బాగా కుదురుతోంది, నమ్మకమే తగ్గింది. రెండూ ఒక ఇంట్లో ఇమడవేమో.)

మా మామ నగల్లో రాళ్ళు పొదిగేవారు. ముందు గదిలో కిటికీ పక్కన చిన్న బల్ల, దాని మీద వెలుతురు, వెలుతురులో ఆయన వేళ్ళు. కమ్మలో రాయిని కూర్చోబెట్టి, చుట్టూ ఉన్న బంగారు అంచును సన్నటి ఉక్కు ముల్లుతో లోపలికి నొక్కుకుంటూ పోతుంటే, వంటింటి గడప మీద నిలబడి నోరు తెరుచుకుని చూసేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగేవి. మా ఆయన కంపెనీలో షిఫ్టుకు పోయేవాడు, ఆయనకు ఈ పని మీద మనసు లేదు. మరి నాకు నేర్పొచ్చు కదా అని ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను.

"ఇది కండ్ల పనమ్మా, నీకెందుకు?" అన్నారు. నేను కదలకపోయేసరికి, "ఈ పనిలో ఎవురి పనిముట్లు వాళ్ళే చేసుకోవాల. అరువు ముల్లు చేతికి లొంగదు. చేసుకోని రా, అప్పుడు చూద్దాం" అన్నారు. అది పొమ్మనడమని ఎవరికైనా అర్థమవుతుంది. నాకు మాత్రం రమ్మన్నట్టు వినిపించింది.

ఏ నగ మీద చెయ్యి తిప్పాలో కూడా అప్పుడే తేల్చుకున్నాను. మా అత్త ముక్కు బేసరిలో నడిమి ఎర్రరాయి ఊడి ఆరునెలలైంది. రాయితో సహా మామ రేకుపెట్టెలో మూల పడి ఉంది. అడిగినప్పుడల్లా "రేపు చేస్తాలే" అనేవారు. ముక్కు రంధ్రం పూడిపోకుండా అత్త వేపపుల్ల పెట్టుకుని తిరిగేది. "ఊరి ఆడోళ్ళ ముక్కులన్నీ మెరిపించినాడు, నాకు మాత్రం చెట్టు నాటినాడు" అని పక్కింటావిడతో అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. నేను రాయి పొదిగి చేతిలో పెడితే అత్త ముక్కూ నిండుతుంది, బల్ల దగ్గర నాకు చోటూ దొరుకుతుంది. రాయి పగిలిందా, జన్మలో ఆ గదిలో అడుగు పెట్టలేను.

ఉక్కు కోసం ఇల్లంతా వెతికితే గోనెసంచులు కుట్టే దబ్బనం కనబడింది. బట్టలుతికే బండ మీద దాన్ని రెండు రోజులు అరగదీసి, మొన మొద్దు చేసి, పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాను. సుయ్యిమంది. ఆహా అనుకుని నొక్కి చూస్తే మురుకులా విరిగింది. మధ్యాహ్నం వడ్డిస్తూ, ఊరికే అడిగినట్టు, "మామా, ఉక్కు ఎందుకు విరుగుతుంది?" అన్నాను. "నీళ్ళు తాగిన ఉక్కుకు పొగరెక్కువ. నూనెలో ముంచి, మళ్ళా ఎండుగడ్డి రంగు వచ్చేదాకా సన్న సెగ చూపించాల" అని, ముద్ద మింగి, "సంగటి చేసేదానికి ఉక్కెందుకమ్మా?" అన్నారు. నేను అప్పటికే వంటింట్లో ఉన్నాను. రెండో దబ్బనం అత్త తలకు రాసుకునే ఆముదంలో మునిగింది.

పిడి అరచేతిలో గుండ్రంగా ఒదగాలి. అటక మీద మా ఆయన చిన్ననాటి బొంగరం దొరికింది. మేకు పీకి, ఆ బెజ్జంలోనే దబ్బనం దిగ్గొట్టాను. అచ్చంగా నా చేతికోసమే చేసినట్టు కుదిరింది. రాయి ఎత్తడానికి చీపురుపుల్ల చివర మైనం. ఇక బేసరి కదలకుండా పట్టుకోవడానికి కట్టె మీద లక్క కరిగించి అందులో అదమాలి. తలుపు వెనక సంగటి గెలికే పాత కట్టె ఒకటి అరిగిపోయి ఉంది, దాని కొసకు లక్క అంటించాను. మామ సంతకు పోయిన ఒక పొద్దున, రేకుపెట్టెలోంచి బేసరీ రాయీ తీసి, బేసరిని లక్కలో అదిమి, ఊపిరి బిగబట్టి, ఒక్కో వైపు నొక్కుకుంటూ వచ్చాను. రాయి కూర్చుంది! వేడి చేసి బేసరి ఊడదీసే లోపల మామ చెప్పుల చప్పుడు వినబడింది. కట్టెను గోడవైపు తిప్పి తలుపు వెనక దాచేసి, ఏమీ ఎరగనట్టు నీళ్ళకు పోయాను.

తిరిగి వచ్చేసరికి భోజనాలు మొదలయ్యాయి. సంగటి, అనపగింజల పులుసు. మామ నాలుగో ముద్దలో ఉన్నారు. తలుపు వెనక కట్టె లేదు. పొయ్యి పక్కన, శుభ్రంగా కడిగి, తడితో మెరుస్తూ ఉంది.

"అత్తా, ఈ కట్టె..."

"కొత్తది చీలిపోయింది, అందుకని పాతది తీసినాను. కొసకంతా ఎండిన సంగటి అట్లే పెట్టినావే, కడిగే పని లేదా? వేడికి అదే వదులుతుందిలే అని గెలికేసినాను" అంది అత్త.

లక్కదీ రాగిసంగటిదీ ఒకటే రంగు. పైగా ఆ పూట కరెంటు లేదు, వంటింట్లో పొగ. పైగా సంగటిని మా వైపు ఎవరూ నమలరు, పులుసులో ముంచి గుటుక్కున మింగుతారు. మామ ఐదో ముద్ద ఎత్తారు.

"మింగొద్దు మామా! నమలు!" అని అరిచాను. ఆ ఇంట్లో అలాంటి మాట అంతకు ముందు ఎవరూ విని ఉండరు. మామ చెయ్యి గాల్లోనే ఆగింది. ఏడుస్తూ అంతా చెప్పేశాను. అత్త ముద్దలన్నీ పళ్ళెంలో చిదిమింది. మామ కడుపు వైపు అనుమానంగా చూసుకుంటున్నారు. చివరికి బేసరి అత్త ముద్దలోనే దొరికింది. "ఆర్నెల్లకు కనబడినావా తల్లీ, అదీ సంగట్లోనా" అంది అత్త, నన్ను వదిలేసి బేసరితో.

మామ దాన్ని కడిగి కిటికీ దగ్గరికి తీసుకుపోయారు. కళ్ళద్దాలు పెట్టుకున్నారు, తీసేశారు. తర్వాత కళ్ళు మూసుకుని, వేలికొసతో రాయి అంచు చుట్టూ మెల్లగా తడిమారు. ఒకసారి, ఇంకోసారి.

"యాడా గీసుకోలేదు. ఉడికినా కదల్లేదు. దేంతో నొక్కినావమ్మా?"

బియ్యం డబ్బా వెనక నుంచి బొంగరం తెచ్చిచ్చాను. చూసి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "రేపట్నుంచి కిటికీ పక్కన నువ్వు కూర్చో. వెలుతురు నీకు కావాల" అన్నారు.

నేను గెలిచానని గంతులేశాను. షిఫ్టు నుంచి వచ్చిన మా ఆయనకు మూడుసార్లు చెప్పాను. మర్నాడు మామ తన పీట తీసుకుని గోడవైపుకు జరిగారు, ముప్పై ఏళ్ళుగా కూర్చున్న చోటు నుంచి. నేను దుమ్ము దులిపి దర్జాగా కూర్చున్నాను. ఆ ఆర్నెల్లూ బేసరి ఎందుకు పెట్టెలోనే ఉందో, వేలితో తడిమి ఎందుకు చూశారో, ఒక్క క్షణం ఆలోచించలేదు.

ఇప్పుడు నాకూ అద్దాలు వచ్చాయి. సాయంత్రం నాలుగు దాటితే ఎర్రరాయీ పచ్చరాయీ ఒకేలా కనిపించి, పీట కిటికీకి ఇంకొంచెం దగ్గరగా లాక్కుంటాను. ఆనాటి ఆ తలబిరుసు కోడలు గుర్తొస్తే నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. "మరి నీకు వెలుతురు వద్దా మామా?" అని ఒక్క మాట అడగడం మాత్రం దానికి తోచలేదు.