బాపు మంచి రిపోర్టులు

"కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. డయాలసిస్ మొదలుపెట్టాల్సిందే" అని డాక్టర్ అన్నాడు. ఆయన చేతిలోంచి రిపోర్టు లాక్కున్నంత పని చేసి మళ్లీ మళ్లీ చదివాను. బాపుకు, అంటే మా నాన్నకు, అలా జరగదని నా కంప్యూటర్ మోడల్ చెప్పింది. దాన్ని తయారుచేసింది నేనే.

షుగర్ ఉన్నవాళ్లలో ఎవరి కిడ్నీలు పాడవుతాయో ముందే పసిగట్టడం నా పీహెచ్‌డీ. సిద్దిపేటలో పరీక్షలు చేయించుకున్నవాళ్ల పాత రిపోర్టులు ఇస్తే కంప్యూటర్ వాటి నుంచి నేర్చుకుని, కొత్త మనిషికి ముప్పు ఎంతో చెబుతుంది. కిడ్నీ పరీక్షలు జబ్బు ముదిరాకే రాస్తారు కాబట్టి మాకు దిక్కు పరగడుపు షుగరే. మిరుదొడ్డిలో ఉండే బాపు రిపోర్టులూ అందులో చేర్చాను. ప్రతిసారీ చక్కగా వచ్చేవి. బాపు కాళ్లు వాచాయని, మేం అవ్వ అని పిలిచే అమ్మ ఫోన్ చేసేదాకా నేను నిశ్చింతగా ఉన్నాను.

దవాఖాన వరండాలో అవ్వ అసలు సంగతి చెప్పింది.

"రక్తపరీక్ష ఉందంటె వారం ముందుగాల్నే కల్లు బంద్, బువ్వ బంద్. జొన్నరొట్టె తప్ప ముట్టడు. దవాఖాన నుంచి రాంగనే మళ్ల షురూ."

పక్క బెంచీ మీద ఉన్న ముసలాయన నవ్వాడు. "అందరం గంతే కదమ్మా. లేకుంటె డాక్టర్ తిడ్తడు."

అందరూ! బడిపిల్లలు పరీక్షకు చదివినట్టు అందరూ రక్తపరీక్షకు తయారై వచ్చారు. నేను వాళ్ల మంచి రోజులనే కంప్యూటర్‌కు నేర్పాను. ఎన్ని పద్ధతులు మార్చి చూశాను, ఎంత మురిసిపోయాను! ఇప్పుడు తెలిసి ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చున్న బాపు వైపు తిరిగాను.

"ఎందుకు బాపూ గట్ల చేసినవ్? డాక్టర్‌కు గంత భయపడ్డవా?"

"డాక్టర్‌కు నాకెందుకు భయం?" అన్నాడు బాపు, నా మొహం చూడకుండా. "నీ లెక్కల నా రిపోర్టు గూడ ఉన్నదంటివి గద బిడ్డా. అది ఖరాబొస్తె నీ సదువు ఆగుతదేమో అనుకున్న."

ఆ మాట నేనే చెప్పాను, ఆయన సంతోషిస్తాడని.

అంతలో రక్తం తీయడానికి నర్సు పిలిచింది. బాపు గోడ పట్టుకుని లేచాడు. చొక్కా చేయి పైకి మడిచి, "నిన్నటి సంది ఏం తినలే సిస్టర్" అని గొప్పగా చెప్పాడు.