ట్రెవర్ పొట్టమీద పసుపు

నేను రిటైరవడానికి ముందు ఏడాది, నవంబరు మూడో వారం. ఇన్వర్‌కార్గిల్‌లో ఒక పశువుల క్లినిక్‌లో సీనియర్ వెట్‌గా నాది పెద్ద పశువుల విభాగం. అంటే పాడి ఆవులు. పొద్దున్నే గమ్‌బూట్లు తొడుక్కుని వెళ్ళి, మధ్యాహ్నానికి పేడ వాసనతో తిరిగి రావడమే నా ఉద్యోగం. ఆ వారం మాత్రం కుక్కలూ పిల్లులూ చూసే డాక్టరు సెలవు పెట్టడంతో కన్సల్టింగ్ రూములో నన్ను కూర్చోబెట్టారు.

తెనాలి వైపు బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు, అక్కడ పాములకి కూడా వైద్యం చేశావా అని. ఆస్ట్రేలియా పక్కనే ఉన్నా ఈ దేశంలో నేలమీద పామన్నదే లేదు. పెంచుకుంటే నేరం, జూలో కూడా ఉండదు. పెంపుడు పాము తిండి ఎందుకు మానేస్తుందో కాలేజీలో నాలుగు పేజీలు చదువుకున్నాను. చలి, కుబుసం విడిచే సమయం, కడుపుతో ఉండటం, నోట్లో పుండు, కొత్త చోటు, చలికాలపు మగత, ఇలా ఉంటుంది ఆ జాబితా. ఆ నాలుగు పేజీలు ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో ఒకే ఒక్కసారి అక్కరకొచ్చాయి. అదీ ఒక బల్లి విషయంలో, అదీ ఆలస్యంగా.

సోమవారం ఉదయం రెండో అపాయింట్‌మెంటు స్రవంతిది. కాకినాడ అమ్మాయి. ఇక్కడి పాలిటెక్నిక్‌లో చదవడానికి వచ్చి, చదువయ్యాక వృద్ధుల ఇళ్ళకి వెళ్ళి చూసుకునే కేర్‌గివర్‌గా స్థిరపడింది. టవల్ చుట్టిన పెట్టెలో, వేడినీళ్ళ సంచీ పక్కన, మూరెడు పొడవున నీలి నాలుక బల్లి. మన నలికిరికి పెద్దన్న లాంటిది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన జాతి, ఇక్కడ పెంచుకోవడానికి అనుమతి ఉంది. పేరు ట్రెవర్. పదమూడు రోజులుగా ఏమీ తినలేదు.

ట్రెవర్ ఆమెది కాదు. ఆమె చూసుకునే రాబ్ అనే పెద్దాయనది. మాంసం ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, ఒంటరి. వాకిట్లో జారిపడి తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. వెళ్ళేముందు అంబులెన్సు తలుపు పట్టుకుని మరీ బల్లిని ఆమెకి అప్పగించాడట. రోజూ సాయంత్రం ఫోన్ చేసి, తన కాలి సంగతి చెప్పకుండా, ట్రెవర్ తిన్నాడా అని అడుగుతాడట. ఈమె రోజూ తిన్నాడనే చెబుతోంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా వైపు కాదు, బల్లి వైపు చూసింది.

మా దగ్గర ఏ కేసుకైనా ముందు హిస్టరీ షీటు నింపాలి. ఏం పెడుతున్నారు, ఎప్పటినుంచి మానేసింది, ఇంట్లో ఏమైనా మార్పు జరిగిందా, వేడీ వెలుతురూ సరిగ్గా ఉన్నాయా. నేను ఇంగ్లీషులోనే అడిగాను. క్లినిక్‌లో తెలుగువాళ్ళు వచ్చినా ఇంగ్లీషే మాట్లాడటం నా నియమం. నర్సు హెలెన్ ఎదురుగా మా భాషలో మాట్లాడుకోవడం మర్యాద కాదని నాకు నేనే పెట్టుకున్న పెద్దరికం. మార్పులేమీ లేవంది స్రవంతి. ట్రెవర్ ఉండే గాజుగూటిలో లైటు చక్కగా వెలుగుతోందంది. వేడీ వెలుతురూ అన్న గడిలో నేను టిక్కు పెట్టేశాను.

నోరు శుభ్రంగా ఉంది. ఒళ్ళు చేతికి వెచ్చగానే తగిలింది. బరువు మాత్రం, ఆమె వెంట తెచ్చిన రాబ్ నోటుబుక్కులో రాసినదానికన్నా అరవై గ్రాములు తక్కువ. వెల్లకిలా తిప్పి చూస్తే పొట్టమీద పొలుసులు పసుపుపచ్చగా కనిపించాయి. ఆవుకైనా మనిషికైనా ఆ రంగు కనిపిస్తే ముందు కాలేయాన్నే అనుమానిస్తాం. రికార్డులో 'పొట్ట అడుగున పసుపు రంగు, కామెర్లు కావచ్చు' అని దర్జాగా రాసి, తోక కింద నరం నుంచి రక్తం తీసి ల్యాబుకి పంపాను.

బుధవారం రిపోర్టు వచ్చింది. కాలేయం నిక్షేపంగా ఉంది. ట్రెవర్ మాత్రం ఇంకా తినలేదు, ఇంకో పది గ్రాములు తగ్గాడు. ఇక గొట్టం వేసి పొట్టలోకి పలుచటి ఆహారం పంపుదామన్నాను. దానికి మత్తు ఇవ్వాలి, ప్రాణానికి ప్రమాదం ఉంది, కాబట్టి అసలు యజమాని సమ్మతి కావాలి. చూసుకునేవాళ్ళ సంతకం రక్తపరీక్షకి చాలుతుంది, దీనికి చాలదు. రాబ్‌కి ఫోన్ చేయాల్సిందేనని చెప్పాను.

స్రవంతి వద్దంది. రెండు వారాలుగా అబద్ధం చెప్పానని ఆయనకి తెలిస్తే ఇక తన ముఖం చూడడంది. పోనీ చెప్పకుండా ఉంటే, ట్రెవర్ చచ్చిపోతే, ఆయన ఎవరికోసం ఇంటికి తిరిగొస్తాడంది. ఆ రెండిట్లో ఏదీ నేను మార్చగలిగింది కాదు. ఫారం తీసి బల్లమీద పెట్టాను.

మత్తుకి ముందు స్కాన్ చేద్దామని హెలెన్ తడి గాజుగుడ్డతో ట్రెవర్ పొట్ట తుడిచింది. కామెర్లు గుడ్డకి అంటుకున్నాయి! హెలెన్ ఆ గుడ్డను వెలుగులోకి ఎత్తి చూసి, ఇదేమిటని నా చేతికిచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పుట్టినప్పటినుంచీ తెలిసిన వాసన. మా అమ్మ గడపకి రాసిన పసుపు.

నాకు తల తీసేసినట్టయింది. బల్లులకి కామెర్లు వస్తే ఒళ్ళు పసుపెక్కదు, వాటి పిత్తం ఆకుపచ్చగానే ఉండిపోతుంది. అదీ ఆ నాలుగు పేజీల్లోనే ఉంది. తెనాలివాణ్ణి, పసుపుని గుర్తుపట్టలేక జబ్బు పేరు పెట్టాను. ట్రెవర్ తిండి మానేసిన రోజు వెనక్కి లెక్కేస్తే నాగుల చవితి. హెలెన్‌ని ఒక్క నిమిషమని అడిగి, నా నియమం పక్కన పెట్టి తెలుగులోకి దిగాను.

"అమ్మా, చవితికి ఏం చేశారు?"

ఆమె ఒక్కసారిగా చెప్పేసింది.

"పాలు పోద్దామంటే ఈ దేశంలో పుట్ట ఎక్కడుందండీ? ఏటా వెండి పడగకే పోసుకుంటున్నాం. ఈసారి ట్రెవర్ ఉన్నాడు కదా, వీళ్ళూ పాముల చుట్టాలే అని ఆంటీలకి నేనే చెప్పాను. తప్పు నాదే అంకుల్."

మన వైపు నలికిరిని పాము జాతిలోనే కలిపేసేవాళ్ళు ఎందరో. అందుకని ఊళ్ళోని నలుగురు ఆంటీలు చలిమిడి, చిమ్మిలి, ఆవుపాలు పట్టుకుని నాగుల చవితికి ఆమె ఫ్లాట్‌కి వచ్చారు. తలా ఒక చెంచాడు పాలే అనుకున్నారు. ట్రెవర్ పడుకునే రాతిమీద చిటికెడు పసుపూ కుంకుమా చల్లారు. ఆఖరి ఆంటీ చేతిలో గ్లాసు ఒరిగి పాలన్నీ గూడు పైభాగంలోకి పోయాయి. ఇంట్లో కరెంటు పోయింది. స్రవంతి అన్నీ విప్పి, గూడు కడిగి, స్విచ్చి మళ్ళీ వేస్తే లైటు వెలిగింది. అమ్మయ్య అనుకుందట.

అక్కడ నాకు తట్టింది. ఇలాంటి గూటిలో రెండు దీపాలుంటాయి. ఒకటి వెలుగిచ్చేది, రెండోది వేడి మాత్రమే ఇచ్చే పింగాణీ దీపం. అది పనిచేస్తున్నప్పుడు కూడా వెలగదు. మాడిపోయినా చూసేవాళ్ళకి తేడా తెలియదు. ఇక క్లినిక్‌కి వచ్చేటప్పుడు పాపం ఆమె వేడినీళ్ళ సంచీ పెట్టి తెచ్చేది, అందుకే నా చేతికి ఒళ్ళు వెచ్చగా తగిలింది.

దూరం నుంచే వేడి కొలిచే యంత్రం తీసుకుని ఆ మధ్యాహ్నమే వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాను. ముప్ఫై మూడు డిగ్రీలుండాల్సిన రాతిమీద పదహారు ఉంది. పింగాణీ దీపానికి అడ్డంగా పగులు. ఆ చలిలో బల్లికి అరుగుదల ఆగిపోతుంది, అందుకే ఒళ్ళు తెలివిగా తిండి వద్దంటుంది. నేను గొట్టం వేసి పంపి ఉంటే ఆ తిండి పొట్టలోనే కుళ్ళేది. జబ్బేమీ లేని ప్రాణిని, సంతకాలన్నీ సక్రమంగా తీసుకుని, నేనే చంపి ఉండేవాణ్ణి.

కొత్త దీపం పెట్టి, రెండు రోజులు నీళ్ళు తప్ప ఏమీ పెట్టొద్దన్నాను. ముందు వేడి, తరవాత తిండి. శనివారం ఉదయం వెళ్ళేసరికి ట్రెవర్ రాతిమీద చాపలా పరుచుకుని ఉన్నాడు. స్రవంతి పెరట్లోంచి తెచ్చిన నత్తని ముందు పెట్టింది. నీలి నాలుక ఒకసారి బయటికొచ్చి వెళ్ళింది. తరవాత పటుక్కుమని గుల్ల పగిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె నేలమీద కూలబడి నవ్వుతూ ఏడ్చింది.

గొట్టం అక్కర్లేదు గనక సమ్మతి ఫారమూ అక్కర్లేదు. ఇక రాబ్‌కి చెప్పక్కర్లేదు కదా అంకుల్ అంది. కాగితం ప్రకారం అక్కర్లేదన్నాను. ఆమె ఫోన్ తీసి, నా ఎదుటే ఆయనకి చేసింది. పాలు, ఆంటీలు, పగిలిన దీపం, రోజూ చెప్పిన అబద్ధం, ఏదీ దాచలేదు. స్పీకరు పెట్టి ఉంది కాబట్టి ఆయన జవాబు నేనూ విన్నాను. రాబ్ మెల్లగా చెప్పాడు, మూడేళ్ళ క్రితం తన ఇంట్లోనూ ఆ దీపం మాడిపోయిందని, తాను నెల రోజులు కనిపెట్టలేదని, సిగ్గుపడి ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదని. నోటుబుక్కులో ఆ నెల పేజీలు చించేశాడట. అవి చించకుండా ఉంటే నీకు తెలిసేది, తప్పు నాది అన్నాడు.

సోమవారం నేను రికార్డు సరిచేశాను. మా వృత్తిలో రాసింది చెరపకూడదు. గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి అక్షరాలు పెట్టాలి. 'కామెర్లు' మీద గీత కొట్టి, 'పసుపు, పూజది' అని రాశాను. హిస్టరీ షీటులో వేడినీ వెలుతురునీ రెండు గడులుగా విడదీయించి, వేడి గడిలో టిక్కు కాకుండా డిగ్రీలు రాయాలని పెట్టించాను. తెలుగువాళ్ళని తెలుగులోనే అడగడం మొదలుపెట్టాను.

ఆ కేసులో నేను, స్రవంతి, రాబ్ ముగ్గురమూ సిగ్గుపడ్డాం, ముగ్గురమూ ఏదో ఒకటి దాచాం. నేను దాచింది నా భాషని. తిండి మానేసిన జంతువు వస్తే దాని నోరు తరవాత చూడొచ్చు. తెచ్చిన మనిషి చెప్పడానికి భయపడుతున్నదేమిటో ముందు తెలుసుకోవాలి.